మళ్ళీ ఓడ మీదికి ఇస్సాకు గారు

కాట్రేనికోనలో ఇస్సాకు గారి స్నానం చూడనివాడు ఏమీ చూడనట్టే లెక్క. పక్కనే కాలువ నిండుగా పారుతున్నా, ఆయన నాలుగు చెంబులతో ఒళ్ళంతా కడిగేసుకుని ఐదో చెంబు మిగిల్చేవారు. పదేళ్ళు నేవీలో మంచినీళ్ళు కొలిచి వాడిన అలవాటు. నేల ఎప్పుడు ఒరిగిపోతుందో అన్నట్టు కాళ్ళు ఎడంగా వేసి నడిచేవారు. ఆయన తాడుకు ముడి వేస్తే పాతిక ఎడ్లు లాగినా ఊడదు, పందెం! అంతటి మనిషీ తిరిగొచ్చిన ఆరేళ్ళలో ఒక్కసారి కూడా సముద్రపు ఒడ్డుకు వెళ్ళలేదు. కళ్ళ ముందే తోటి నావికుణ్ణి కెరటం లాక్కుపోయిందట. ఆ సంగతి ఆయన భార్య హన్నా చెబితేనే ఊరికి తెలిసింది. తెలిసినా, వలలు అల్లే బంగారయ్య ఊరుకునేవాడా?

"సముద్రం మీ గురించి అడుగుతోందండీ ఇస్సాకు గారూ, ఏం చెప్పమంటారు?"

"బాగున్నానని చెప్పవయ్యా."

డెబ్బై ఒకటి చివర్లో యుద్ధం వచ్చింది. పాత నావికులు వెనక్కి రావాలంటూ ఆయనకూ కాగితం వచ్చింది. మోకాలి నొప్పని డాక్టరు గారి చేత రాయించుకోమని హన్నా బతిమాలింది. మర్నాడు పొద్దున్నే ఆయన ఇనప్పెట్టెతో బస్సు దగ్గర నిలబడ్డారు.

"భయం పోయిందాండీ?" అన్నాడు బంగారయ్య.

"లేదయ్యా. అది పోయేదాకా ఇక్కడే కూర్చుంటే, నా చోట ఇంకెవడో నిలబడాలి కదా."

బంగారయ్య పెట్టెను తనే బస్సు పైకెక్కించి కిందికి దిగి, తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు.