బర్మా మామ్మ వీపు మీద నా చెయ్యి

ఒక మాట నా గొంతులో అడ్డంపడి యాభై ఏళ్లకు దగ్గరపడుతోంది. మింగలేను, కక్కలేను. ఎంతోమంది నడుములు సర్దాను, ఎంతోమందికి నిద్ర తెప్పించాను. నా గొంతులోది మాత్రం తీసుకోలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను కాబోలు.

నన్ను జనం డాక్టరమ్మ అంటారు. కాను. చల్లపల్లి దగ్గర నాట్లేసే కూలీల పిల్లను. పెళ్లయ్యాక ఒక ఆసుపత్రిలో ఆయాగా చేశాను, హనుమాన్ జంక్షన్‌లో లారీవాళ్ల హోటల్లో వండాను, చివరికి విజయవాడ వన్ టౌన్‌లో ఓ బట్టల గోడౌన్‌లో చీరలు మడతపెట్టే పనికి కుదిరాను. ఎదురుగా అరుగు మీద ఒక ముసలావిడ పునుగులు వేసేది. రంగూన్‌లో పుట్టి పెరిగి, అక్కడ ఉండనివ్వకపోతే తిరిగొచ్చిన తెలుగావిడ. అందరికీ బర్మా మామ్మ.

డెబ్బైల మొదట్లో నా బిడ్డ జ్వరంతో పోయింది. ఆ తర్వాత నాకు నిద్ర లేదు. కళ్లు మూస్తే చాలు, దాని ఏడుపే. ఒక మధ్యాహ్నం చీరల బేళ్ల మధ్య కూలబడిపోతే మామ్మ వచ్చి నా వీపు మీద అరచెయ్యి పెట్టింది. రుద్దలేదు, నొక్కలేదు, ఊరుకోమని కూడా అనలేదు. కాసేపటికి ఆవిడ ఊపిరీ నా ఊపిరీ ఒక్కటయ్యాయి. అప్పుడు ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోయాను. అమ్మో, అదేం చెయ్యి! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పని అయ్యాక రోజూ వెళ్లి ఆవిడ పక్కన కూర్చునేదాన్ని. అరుగు వెనక గూట్లో చిన్న చెక్క బుద్ధుడు. ఊపిరి వచ్చేదీ పోయేదీ చూస్తూ కూర్చోవడం ఆవిడకు రంగూన్‌లో ఒక భిక్షువు నేర్పాడట. "నువ్వేం చెయ్యకే పిల్లా. చెయ్యి పెట్టి ఊపిరి చూడు. నొప్పి తనే చెబుద్ది," అనేది. కొన్నేళ్లకు అది నా చేతికీ పట్టుబడింది. ఆసుపత్రిలో చూసిన కట్లు, హోటల్లో తెలిసిన తిండి సంగతులు దానికి తోడయ్యాయి. ఇంటి వరండాలో చాప వేశాను. జనం రాసాగారు.

ఎక్కడ నేర్చుకున్నావని మొదట అడిగింది మా చర్చి పాస్టరమ్మగారు. బుద్ధుడి ముందు కూర్చుంటున్నానని చెబితే? వరండా ఖాళీ అయిపోతుందని భయం. భయం ఒక్కటేనా? నిజం చెప్పాలంటే, గొప్ప అనిపించుకోవాలని ఆశ కూడా. "ప్రార్థనలో ఉండగా ప్రభువు చూపించాడండీ," అనేశాను. నరం లేని నాలుక! చర్చి అంతా పాకింది. సాక్ష్యం చెప్పమన్నారు. సిగ్గులేకుండా అదీ చెప్పాను. మామ్మ దగ్గరికి వెళ్లడం తగ్గించాను. ఆనక మానేశాను.

ఓ ఆదివారం ఆరాధన అయ్యాక వరండా నిండా మనుషులున్నారు. పాస్టరమ్మగారు కుర్చీలో కూర్చున్నారు. రిక్షా ఆగింది. మామ్మ దిగింది. నడుం వంగిపోయింది, మనిషి చిక్కి సగమైంది. నన్ను చూడగానే ముఖమంతా నవ్వు. వచ్చి నా చెంప మీద చెయ్యి వేసింది.

"ఈవిడ మీకు తెలిసినావిడా?" అన్నారు పాస్టరమ్మగారు.

"లేదండీ. ఇదే చూడటం," అన్నాను.

మామ్మ చెయ్యి ఇంకా నా చెంప మీదే ఉంది. మెల్లిగా తీసుకుంది. నా వంక చూసింది. తర్వాత పాస్టరమ్మగారి వైపు తిరిగింది.

"ఈ అమ్మగారిని నేనెరగనండీ. చెయ్యి మంచిదంటే విని వచ్చా. నడుం నొప్పండీ."

అబద్ధమాడకూడదన్నది ఆవిడ నియమం. ఆవిడ నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. అదీ నా కోసం.

చాప మీద పడుకోబెట్టి వీపు మీద చెయ్యి పెట్టాను. నోరు ఏం చెప్పినా, ఒంట్లో కోపం ఎక్కడ ముడిపడి ఉందో నా చేతికి తెలుస్తుంది. వెతికాను. కోపం కోసమే వెతికాను. దొరికితే బతికిపోదును! దొరకలేదు. ఊపిరి కాలవ నీళ్లలా నిదానంగా వస్తోంది, పోతోంది. వణుకుతున్న నా ఊపిరిని అదే పట్టి నిలబెట్టింది. ఒక మనిషి లోపల ఇంత చోటుంటుందా? తనను ఎరగనన్నదాని చేతికింద అంత నెమ్మదిగా ఎలా పడుకోగలిగింది? ఆ రోజు అక్కడ వైద్యం ఎవరు ఎవరికి చేశారు? ఇన్నేళ్లు ఊపిరి చూస్తూ కూర్చున్నా నాకది అంతుపట్టలేదు.

లేచి వెళ్తూ, "చెయ్యి బాగా కుదిరిందండీ," అంది. పిల్లా అనలేదు.

వారానికి ధైర్యం చేసి వన్ టౌన్ వెళ్లాను. అరుగు మీద పొయ్యి లేదు. ఎవరో చుట్టాలు వచ్చి తీసుకుపోయారన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఎన్ని ఊళ్లలో అడిగానో.

ప్రభువును క్షమించమని అడిగాను. ఆయన క్షమించే ఉంటాడు. కానీ నేను ఎరగనన్నది ఆయనను కాదు కదా.

ఇప్పటికీ వరండాలో చాప ఉంది. అడిగిన వాళ్లందరికీ ఇన్నాళ్లూ ఆ ప్రార్థన కథే చెప్పాను. అసలు సంగతి మొదటిసారి మీకు చెబుతున్నాను. ఆవిడ పేరు సింహాచలమ్మ. ఆవిడ నాకు తెలుసు.