కుర్చీ మోతీ

ఉద్యమం ఊపు మీదున్న ఆ రోజుల్లో కేసముద్రం మార్కెట్ యార్డుకు పోయి మోతీ ఎక్కడున్నాడని అడిగితే, ఏ మోతీ అని ఎదురు అడిగేవాళ్ళు. కుర్చీ మోతీ అంటే మాత్రం పత్తి తూకం వేసేవాళ్ళు కూడా పని ఆపి, నవ్వుకుంటూ వేలు చూపించేవాళ్ళు.

యార్డుకు దగ్గరి తండా మనిషి అతను. ఇరవై ఏళ్ళు వీపు మీద బస్తాలు మోశాడు. ఒక వానాకాలం లారీకి ఆనించిన బల్ల మీద కాలు జారి, మక్కల బస్తాతో సహా కింద పడ్డాడు. ఎముక విరగలేదు కానీ ఇక బరువు ముట్టుకోవద్దని మానుకోట దవాఖానలో డాక్టరు తేల్చి చెప్పాడు. అప్పటినుంచి బస్తాల మూతులు కుట్టే పని. చేతిలో దబ్బనం, మెడలో సుతిలి చుట్ట, రోజంతా నిలబడి కుట్టమన్నా కుట్టేవాడు. నేల మీద కూర్చోమంటే మాత్రం నడుమూ తొడలూ కూడబలుక్కుని ఎదురు తిరిగేవి. ఇంట్లో మంచం మీదే తిండి. దానికి అలవాటు పడిపోయాడు కూడా, చౌరస్తాలో టెంటు పడేదాకా.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఆ టెంటులో రిలే దీక్షలు. ఒకరోజు దర్జీలు, ఒకరోజు ఆటోవాళ్ళు, ఒకరోజు వకీళ్ళు. పద్ధతి అందరికీ ఒకటే. దీక్షకు కూర్చున్నవాళ్ళు జంపఖానా మీద బాసింపట్టు వేసుకోవాలి. పొద్దున మెడలో దండ, సాయంత్రం చేతిలో నిమ్మరసం. కుర్చీలు మాట్లాడటానికి వచ్చే పెద్దలకు. హమాలీల వంతు వచ్చిన రోజు మోతీ వంగాడు, మూలిగాడు, లేచి నిలబడ్డాడు. చూడలేక ముఠా పెద్ద సంజీవ ఒక కుర్చీ తెచ్చి వేశాడు. అక్కడే వచ్చింది చిక్కు. ఊరేగింపుగా వచ్చిన బడిపంతుళ్ళకు, అందరూ కింద కూర్చుంటే ఒక్కడే పైన కూర్చున్న ఆ బుర్రమీసాల మనిషి ఎవరో హైదరాబాదు నాయకుడిలాగా కనిపించాడు. ఊర్మిళ టీచర్ చేతిలోని పెద్ద దండ తిన్నగా అతని మెడలోకి, మైకు చేతిలోకి వచ్చాయి. పాపం, మోతీ మైకును అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి ‘జై తెలంగాణ’ అని మైకు తిరిగి ఇచ్చేశాడు. చప్పట్లు మోగాయి. హమాలీలు కడుపు పట్టుకుని నవ్వారు, పస్తు ఉన్నామన్న సంగతి కూడా మరిచిపోయి.

మర్నాటి నుంచి యార్డులో అతనికి ఆ పేరే. మోతీ కూడా అందరితో కలిసి నవ్వేవాడు. ఇంటికి పోయాక మాత్రం భార్య గోరీతో వాళ్ళ భాషలో మనసు విప్పాడు. పస్తు అందరితోపాటు ఉన్నాడు, గొంతు అందరితోపాటు కలిపాడు, కూర్చోవడం మాత్రం పరాయివాడిలా కూర్చున్నాడు. మళ్ళీ వంతు వచ్చేసరికి జంపఖానా మీద, తన వాళ్ళ నడుమ కూర్చోవాలి. అంతకుమించి అతనికి ఏ కోరికా లేదు.

స్టేషన్ దారిలో వీరస్వామి మొబైల్ షాపు ఉండేది. నెట్‌లోంచి దించి మెమరీ కార్డులోకి ఎక్కించడం అతని వ్యాపారం. ఊరంతా ఉద్యమ పాటలు ఎక్కించుకుంటుంటే మోతీ వచ్చి యోగా కావాలన్నాడు. వీరస్వామి ఒకసారి అతన్ని, ఒకసారి అతని చైనా ఫోన్‌ను చూసి, వెతికాడు. దొరికినవన్నీ హిందీలోనే. లంబాడీ మాట్లాడే ఇంట్లో హిందీ అంత పరాయిదేం కాదు కనుక ఆ బాధ లేదు. అసలు బాధ వేరే ఉంది. ప్రతి వీడియోలోనూ గురువుగారు ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని, చల్లగా నవ్వి, ఇలా కూర్చోండి అంటాడు. పైగా దానికి సుఖాసనం అని పేరు. మోతీకి ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పట్టుకుని మళ్ళీ షాపుకు వెళ్ళాడు.

“కింద కూసున్నంక ఏం జెయ్యాల్నో అందరు చెప్తున్రు వీరస్వామీ. కూసునుడెట్లనో ఒక్కరన్న చెప్తరేమో సూడు.”

నెట్ చక్రం తిరిగి తిరిగి, ముసలివాళ్ళకు నేర్పే ఒకామె దొరికింది. ఆమె కూర్చున్నది కుర్చీలో. ఈ కుర్చీ తనను వదిలేట్టు లేదనుకున్నాడు మోతీ. అయినా ఎక్కించుకున్నాడు.

కుర్చీ లేదు కనుక మంచం పట్టె మీద కూర్చుని మొదలుపెట్టాడు. మొదటి వీడియో ఎక్కుతుండగా కరెంటు పోయిందేమో, సగమే వచ్చింది. ఆమె ముందుకు వంగి తల మోకాళ్ళకు ఆనించింది, బొమ్మ అక్కడే ఆగిపోయింది. ఆసనం అంటే ఇంతే కాబోలు అనుకుని మోతీ కూడా అట్లాగే ఉండిపోయాడు. కట్టెల మోపుతో వచ్చిన గోరీ కంగారుపడి, ఏమైందని అడిగితే, ఆమె ఇంకా లేవలేదు అని మోకాళ్ళ మధ్యనుంచి జవాబిచ్చాడు. గోరీ మోపు కింద పడేసి నవ్వింది. ఆ తర్వాత ఫోన్ ఆమె చేతికి వచ్చింది. ఆమె చూసి చెప్పేది, అతను చేసేవాడు.

నేల మీదికి దిగేటప్పుడు తుంటి కింద మడిచిన దుప్పటి వేసుకోమంది వీడియోలో ఆమె. మోతీ ఇంట్లో దుప్పట్లు తక్కువ, ఖాళీ గోనెసంచులు ఎక్కువ. వాటిని మడిచి, యార్డులో దొంతర పేర్చినట్టే పేర్చి ఎక్కి కూర్చున్నాడు. మోకాళ్ళు ఎక్కడో పైన ఉండేవి. ఒళ్ళు కాస్త సాగిందనిపించినప్పుడల్లా దొంతరలోంచి ఒక సంచి లాగేసేవాడు. తొందరపడి రెండు లాగిన రోజు నడుము పట్టేసి, వాటిని మళ్ళీ దోపాల్సి వచ్చింది. సకల జనుల సమ్మెలో భూపాలపల్లి బొగ్గు గనులు ఆగి, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక ఫోన్ చచ్చిపోయినా, గోరీకి అప్పటికే అంతా నోటికి వచ్చేసింది. గొంతు తీయగా మార్చి, వీడియోలో ఆమెలాగే మెల్లగా మెల్లగా అన్నట్టు ‘ధీరే ధీరే’ అంటుంటే మోతీ నవ్వు ఆపుకోలేక పట్టిన ఊపిరి వదిలేసేవాడు. ఆ ఇంట్లో అంత సందడి పెళ్ళయిన కొత్తలో కూడా లేదు.

ఆ సమ్మె రోజుల్లోనే హమాలీల వంతు మళ్ళీ వచ్చింది. సంజీవ ముందుగానే కుర్చీ వేసి, దాని మీద తన తువాలు మడిచి పెట్టాడు. అది ఎగతాళికి కాదు, ప్రేమతోనే. మోతీ చంకలో ఒకే ఒక గోనెసంచితో వచ్చాడు. కుర్చీని దాటి, సంచిని జంపఖానా మీద పరిచి, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టాడు. వరుసంతా ఇటు తిరిగింది.

“పైలం అన్నా,” అన్నాడు సంజీవ.

“జర జరుగు సంజీవా, జాగ లేదు,” అన్నాడు మోతీ.

సంజీవ జరిగాడు. మోతీ కూర్చున్నాడు. మధ్యమధ్య కాళ్ళు చాపుకున్నాడు, అందరూ చాపుకున్నట్టే. పంతుళ్ళు మళ్ళీ ఊరేగింపుగా వచ్చారు. ఊర్మిళ టీచర్ పెద్ద దండ పట్టుకుని కుర్చీ వైపు నడిచి, అది ఖాళీగా ఉండటం చూసి ఆగింది. మీ నాయకుడు రాలేదా అని వరుసనంతా కలియజూసింది. ఆమె చూపు మోతీ మీదుగా వెళ్ళిపోయింది. సంజీవ నోరు తెరవబోతే మోతీ అతని తొడ గిల్లాడు. చేసేదేం లేక ఆమె పెద్ద దండను కుర్చీకి వేసి, కింద ఉన్నవాళ్ళందరికీ చిన్న చిన్న బంతిపూల దండలు వేసుకుంటూ పోయింది.

సాయంత్రం నిమ్మరసం తాగి, ఎవరి చేయీ పట్టుకోకుండా లేచి, మోతీ ఆ వాడిన దండతోనే ఇంటికి నడిచాడు. గుమ్మంలో ఎదురుచూస్తున్న గోరీకి దాన్ని ఎత్తి చూపించి, అందరికీ ఇదే వేశారు అన్నాడు గర్వంగా.