మగ్గకముందే నీళ్ళు పోసిన పలక

నా చిన్నప్పుడు ఒక వేసవి మధ్యాహ్నం, ఎవరూ చూడకుండా నాలుగైదు బక్కెట్ల నీళ్ళు పోసి మా అత్త చేసిన పనంతా పాడుచేశాను. ఆపైన ఆ తప్పును ఇంకొకరి నెత్తిన రుద్దాను. నీళ్ళ సంగతి పిల్లతనమని ఎవరైనా కొట్టిపారేస్తారు. రెండోదాన్ని మాత్రం నేను ఎన్నడూ అలా కొట్టిపారేయలేకపోయాను.

అది తొంభైల నాటి మాట. నాన్నకి స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు. ఇంట్లో అల్లరి పడలేక, సెలవులు రాగానే నన్ను ఆటోనగర్‌లో ఉన్న మా మేనత్త షెడ్డుకి తోలేసేవారు. ఊళ్ళో జనం పారేసిన ప్లాస్టిక్ బక్కెట్లు, నూనె డబ్బాలు అత్త తూకానికి కొనేది. వాటిని ముక్కలు చేసి, కరిగించి, ఇనప అచ్చుల్లో బెత్తెడు మందాన, మనిషి పొడవున పలకలు పోయించేది. చేపల రేవులో బోట్లను మరమ్మతుకి ఒడ్డుకి లాగినప్పుడు కింద కర్ర దిమ్మలు వేస్తారు. ఉప్పునీటికి కర్ర ఇట్టే పుచ్చిపోతుంది. దాని బదులు తన పలకలు వేయించాలని అత్త పట్టుదల.

పల్చటి వస్తువైతే ఎవరైనా పోస్తారు. మందం పెరిగేకొద్దీ ప్లాస్టిక్ మాట వినదు. పైన గట్టిపడినా లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది. అత్త మొదట్లో పోయించిన పలకలన్నీ రెండు కొసలూ పైకి లేచి దోనెల్లా తయారయ్యాయి. వంకర పలక మీద బోటు నిలవదు, పక్కకి ఒరిగితే కింద పనిచేసేవాళ్ళ ప్రాణాలకే ముప్పు. రేవులో బోటు మేస్త్రి వాటిని చూసి నవ్వాడు. మావయ్య నవ్వలేదు కానీ, ఈసారి కూడా వంకరొస్తే షెడ్డు ఖాళీ చేసేద్దామని తేల్చి చెప్పేశాడు.

అత్త వినే మనిషి కాదు. అచ్చుని సిమెంటు నేల మీద పెట్టడం వల్ల అడుగు ముందే చల్లారిపోతోందని కనిపెట్టింది. అచ్చుని పట్టాల మీదికి ఎత్తించింది. కిందా మీదా గోనెసంచులు కప్పించింది. చల్లారుతూ లోపల సరుకు ముడుచుకునేకొద్దీ పానాతో అచ్చు పైరేకు బోల్టులు మళ్ళీ మళ్ళీ బిగించేది. "అన్నం వార్చాక మూత తీసేత్తామేటి? మగ్గాల. ఇదీ అంతే," అనేది.

ఆ పొద్దున పోసిన పలకను చూడడానికి సాయంత్రం మేస్త్రి రావాలి. అది బాగుంటే రేవు మొత్తానికి అత్త పలకలే. మేస్త్రిని వెంటబెట్టుకు రావడానికి అత్త వెళ్ళింది. కొలిమి దగ్గరి వాళ్ళూ, ముక్కలు ఏరే ఆవిడా అన్నానికి వెళ్ళారు. నన్ను అచ్చు దగ్గర కూర్చోబెట్టి, ముట్టుకోవద్దని అత్త మరీ మరీ చెప్పింది. పలక బాగా వస్తే నన్నూ రేవుకి తీసుకెళ్తానంది.

అచ్చు పైనున్న ఇనప రేకు ఎంతకీ చల్లారదే! మేస్త్రి వచ్చేసరికి సిద్ధం కాకపోతే అతను వెళ్ళిపోతాడనిపించింది. అత్తకి సాయం చేద్దామనే నీళ్ళు పోశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి అది రేవు చూడాలన్న ఆత్రం. మీది గోనె తీసి, డ్రమ్ములో నీళ్ళు ముంచి బక్కెట్టు తర్వాత బక్కెట్టు కుమ్మరించాను. బుస్సుమని ఆవిరి లేచింది. కాసేపటికి ఇనుము చల్లబడింది. పొడిగా ఉన్న గోనె వెతికి తెచ్చి కప్పేశాను.

అత్త వచ్చి, గోనె ఎత్తి, మీది రేకు మీద అరచెయ్యి ఆనించింది. ఇంత తొందరగానా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. మేస్త్రి పక్కనే నిలబడి ఉన్నాడు. బోల్టులు విప్పించింది. పలక స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. మేస్త్రి దాని మీద చరిచి చూశాడు, తొక్కి చూశాడు. "పర్లేదప్పా, గట్టి పిండమే," అని అత్తతో అన్నాడు. టీలు తెప్పించారు. మేస్త్రి తన గ్లాసు ఆ పలక మీదే పెట్టుకున్నాడు.

రెండు గుక్కలు తాగాడో లేదో, గ్లాసు తనంతట తనే పక్కకి జారింది. చూస్తుండగానే పలక నడుము మెల్లగా పైకి లేస్తోంది.

"సూసేవా అప్పా," అని మేస్త్రి పకపకా నవ్వాడు. "సెత్త నుంచి వచ్చింది సెత్త బుద్ధి మానదు."

ఎందుకిలా అయిందని అత్త అందరి వంకా చూసింది. చూపు నా మీదికి రాకముందే నా నోరు లేచింది. ముక్కలు ఏరే పిన్ని వేరే రకం ప్లాస్టిక్ కలిపేసిందన్నాను. ఆవిడను నేను పిన్నీ అనేవాణ్ణి. ప్రతి ముక్కనీ నీళ్ళ తొట్టిలో వేసి, తేలినవి ఉంచి, మునిగినవి వేరే రకం కాబట్టి తీసి పారేయడం ఆవిడ పని. నాకు రోజూ తన క్యారేజీలోంచి చేప ముక్క పెట్టేది.

ఆవిడ తొట్టి దగ్గర్నుంచి లేచింది. "నా సేతుల మీంచి మునిగే ముక్క ఒక్కటి ఎల్లిందని సూపించండి, ఈ ఊర్లోనే ఉండను," అంది. అందరూ పలక వంకే చూస్తున్నారు. "పిల్లడు అన్నాడని ఊరుకుంతన్నారా? అయితే మీ పని మీరే సేసుకోండి," అని క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయింది.

మేస్త్రి కూడా లేచాడు. అత్త అతనికి అడ్డంగా నిలబడింది.

"నీ కర్ర దిమ్మ పుచ్చిపోతే ఏటి సేత్తావ్ మేస్త్రీ? పొయ్యిలో ఎడతావ్. నాను దీన్ని ముక్కలు కొట్టి మళ్ళీ పోత్తాను. వందసార్లు వంకరొత్తే వందసార్లు పోత్తాను. ఎల్లుండి నానే నీ రేవుకి తెత్తాను, అక్కడే ఉండు."

అతను వెళ్ళాక అత్త ఆ పలక చుట్టూ తిరిగింది. ఇన్నాళ్ళూ కొసలు లేచేవి, ఇవాళ నడుము లేచింది. అది ఆవిడ కంటికి ఆనింది. నన్ను పిలిచి, అచ్చు కింది రేకు దగ్గర చెయ్యి పెట్టమంది. తాకకముందే పెనం మీద పెట్టినట్టు సెగ తగిలింది. "మీద సల్లగా, కింద నిప్పులా ఎలాగుందిరా?" అంది. నేను తల వంచుకున్నాను. ముందు చల్లారిన వైపు ముందే ముడుచుకుని గట్టిపడుతుందనీ, వేడిగా ఉన్న వైపు ఆ తర్వాత ముడుచుకుంటూ పలకంతటినీ తన వైపు లాగేసుకుంటుందనీ చెప్పింది. తిట్టలేదు. ఇంకేమీ అడగలేదు. తిడితే బాగుండుననిపించింది.

మర్నాడు పొద్దున్నే ఒక్కణ్ణే పిన్ని ఇంటికి వెళ్ళాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ చేపలు కడుగుతూ అంతా విన్నది. జాలిపడుతుందనుకున్నాను.

"నాకు సెప్పడమెందుకు? నాను సెయ్యలేదని నాకు తెల్దేటి?" అంది. "ఆ మేస్త్రి ముందర కదా అన్నావు. ఆడి ముందరే సెప్పు. అంతదాకా నాను షెడ్డు గుమ్మం తొక్కను."

అత్త మళ్ళీ పలక పోయించింది. ఆ రోజంతా నేను అచ్చు పక్కనుంచి కదల్లేదు. అత్త చెప్పినప్పుడల్లా పానా పట్టుకుని బోల్టులు బిగించాను. పిన్ని లేకపోవడంతో ముక్కలు అత్తే కూర్చుని ఏరింది. ఆ తర్వాతి రోజు కిందా మీదా రెండు రేకులూ చల్లారాయని చేత్తో చూసుకున్నాకే పలక తీయించింది. మేం టీ తాగి, అన్నం తినేంతసేపు ఆగి చూసినా అది వంగలేదు. ట్రాలీ రిక్షాలో వేసుకుని రేవుకి వెళ్ళాం. దారిలో నేను చెప్పకపోయినా ఫర్వాలేదేమో, పలక బాగుంది కదా అని నా మనసు బేరాలాడింది. అత్త నన్ను బలవంతపెట్టలేదు.

రేవులో మేస్త్రితో పాటు పదిమంది కూలీలు ఉన్నారు. పలక ఇంకా దించుతుండగానే నేను గట్టిగా చెప్పేశాను. నీళ్ళు పోసింది నేనని, పిన్ని మీద అబద్ధం చెప్పానని. నా గొంతు కీచుగా వచ్చింది. కూలీలు నవ్వారు. మేస్త్రి మాత్రం నవ్వకుండా అత్త వైపు తిరిగి, "అయితే సరుకులో దోసం లేదన్నమాట," అన్నాడు. ఆ పలకను బోటు కిందికి తోయించాడు. తీసుకుంటాననీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. వర్షాలు వెళ్ళేదాకా అక్కడే ఉంచి చూస్తానన్నాడు. అత్త ఒప్పుకుంది.

రేవు నుంచి నేరుగా పిన్ని ఇంటికి వెళ్ళి, ఎవరెవరి ముందు ఏం చెప్పానో చెప్పాను. ఎంతమంది ఉన్నారని అడిగింది, ఎవరు నవ్వారని అడిగింది. మర్నాడు పనిలోకి వచ్చింది. నాతో మాట్లాడలేదు. ఆ సెలవులు ముగిసేదాకా రోజూ తొట్టికి ఇవతల కూర్చుని ఆవిడతో పాటు ముక్కలు ఏరాను. క్యారేజీ విప్పినప్పుడు నా వంక చూసేది కాదు. నేనూ అడగలేదు.

ఆ తర్వాత నా జీవితంలో ఎన్ని తప్పులు చేశానో నాకు తెలుసు. కొన్నింటిని దాచాను కూడా. కానీ ఒక మనిషిని నలుగురిలో మాటని, నాలుగు గోడల మధ్య క్షమించమని అడిగి ఊరుకోవడం మాత్రం ఆ రోజు నుంచి నాకు చేతకాలేదు. ఆ నలుగురి దగ్గరికీ వెళ్ళి, మళ్ళీ నోరు విప్పుతాను. వాళ్ళు నవ్వితే నవ్వనిస్తాను.