ఏ ఊరండి మీది?

మా చిన్నప్పుడు... రైల్లో ఎదుటివాళ్ళు "ఏ ఊరండి?" అని అడిగితే చెప్పకపోవడం పొగరు కింద లెక్క.

నిడదవోలులో పాసింజరు ఎక్కి కూర్చున్నామో లేదో, నాన్న మొదలుపెట్టేవారు. "ఏ ఊరండి మీది?" "తణుకండి." "తణుకులో ఎవరి తాలూకండి?" చాగల్లు దాటేసరికి వాళ్ళ నాన్నగారి పేరు, కొవ్వూరు వచ్చేసరికి ఎక్కడో ఒక చుట్టరికం... గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి మా మరచెంబులో నీళ్ళు వాళ్ళు తాగుతుంటే, వాళ్ళ జంతికలు మా ఒళ్ళో ఉండేవి. నాన్న కూడా అన్నీ చెప్పేసేవారు. కాలవగట్టు వీధి, ఎరువుల కొట్టు, ఇద్దరాడపిల్లలు...

కొత్తవాళ్ళతో మాట్లాడడం అంటే మాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

డిగ్రీకి రోజూ అదే పాసింజర్లో రాజమండ్రి వెళ్ళి వచ్చేదాన్ని. అక్కకి అప్పుడే పెళ్ళయింది. సావిట్లో మా ఇద్దరి మంచాల్లో ఒకదాన్ని మడిచి గోడకి ఆనించేశారు. క్లాసులయ్యాక రాజమండ్రి అమ్మాయిలు గుంపుగా ఇళ్ళకి వెళ్ళిపోయేవారు. సాయంత్రం బండి దాకా నేనొక్కదాన్నే మిగిలేదాన్ని... ఆ ఖాళీ ఎలా ఉండేదో చెప్పడం కష్టం.

కాలేజీ ఎదురు సందులో అప్పుడే ఇంటర్నెట్ సెంటర్ పెట్టారు. ప్లైవుడ్ గదులు, గదికో పరదా. పరీక్ష ఫలితాలు చూసుకుందామని వెళ్ళినదాన్ని చాట్ రూములో చిక్కుకున్నాను. అక్కడ అందరూ వయసెంత, ఆడా మగా అని ఇంగ్లీషులో అడిగేవారు. ఒకరోజు ఒకతను ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు. "ఏమండీ, భోంచేశారా?"

ఆ "అండి" చూసి... నవ్వకండి, నాకు కళ్ళు చెమర్చాయి. ఆ రోజంతా నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"ఏ ఊరండి మీది?" అన్నాడు. ఇంకేముంది... రైల్లో నాన్న చెప్పినట్టే చెప్పాను. ఊరు, వీధి, నాన్న పేరు, కొట్టు, ఇంటి ఫోను నంబరు, ఏ బండికి వస్తానో, ఏ బండికి వెళ్తానో. తనది కాకినాడ అన్నాడు. అంతే. కాకినాడలో ఎక్కడ, ఎవరి తాలూకు... నేను అడగలేదు. అడిగితే అనుమానిస్తున్నానని నొచ్చుకుంటాడేమో అనుకున్నాను.

కొన్ని వారాలు బాగుంది. నిజం చెప్పాలంటే, చాలా బాగుంది.

ఒక మధ్యాహ్నం తెర మీద ఇలా వచ్చింది. "నిన్న పచ్చ చుడీదార్లో మీ స్టేషన్లో చూశానండి. జడ ముందుకి వేసుకున్నారు. ఈసారి పలకరిస్తాను. మాట్లాడకపోతే మీ నాన్నగారి కొట్టుకే వస్తానండి."

అప్పుడు కూడా "అండి" మానలేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

మళ్ళీ ఆ సందు వైపు వెళ్ళలేదు. కానీ బండి ఎక్కాలి కదా... పెట్టెలో ప్రతి మగమొహంలోనూ అతన్ని వెతికేదాన్ని. అతని మొహం నాకు తెలియదు. నాది అతనికి తెలుసు. అంత జనంలో నా అంత ఒంటరిగా ఎవరూ లేరనిపించేది.

అమ్మకి చెప్తే నాన్నకి తెలుస్తుంది. నాన్నకి తెలిస్తే చదువు ఆగిపోతుంది. మా వెనక వీధిలో ఒకమ్మాయిని ఇంతకన్నా చిన్న విషయానికే కాలేజీ మాన్పించి, సంబంధాలు చూశారు.

ఒక ఆదివారం ఇంట్లో ఫోను మోగింది. నాన్న తీశారు.

"ఆఁ, చెప్పండి... మా అమ్మాయి ఫ్రెండా? మంచిదండి. ఏ ఊరండి మీది?... కాకినాడా! కాకినాడలో ఎక్కడండి?... అది కాదు బాబూ, ఎవరి తాలూకు మీరు? నాన్నగారి పేరేంటి?... కన్నతండ్రి పేరు చెప్పడానికి అంత ఆలోచిస్తావేంటయ్యా?"

నాన్న రిసీవరు వైపు ఒకసారి చూసి పెట్టేశారు. "ఊరూ పేరూ అడిగితే పెట్టేశాడేంటే వీడు!" అన్నారు అమ్మతో.

తర్వాత నా వైపు చూశారు. నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూనే ఉన్నాను... ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు అడుగుతారు అనుకుంటూ. అడిగి ఉంటే ఏడ్చేసి అంతా చెప్పేసేదాన్నేమో.

అడగలేదు. "రేపట్నుంచి స్టేషన్ దాకా నేనూ వస్తాలే. కొట్టు కాస్త ఆలస్యంగా తీస్తే ఏం మునిగిపోదు" అన్నారు.

ఆ వానాకాలమంతా వచ్చారు. పొద్దున బండి ఎక్కించి, సాయంత్రం బండి వేళకి గొడుగుతో ప్లాట్‌ఫారం మీద నిలబడేవారు. అతను మళ్ళీ ఫోను చెయ్యలేదు. నా చదువూ ఆగలేదు. రైల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళని అంత చనువుగా అడిగే మనిషి... నన్ను ఆ దారంతా ఒక్క ప్రశ్న అడగలేదు. నేనూ చెప్పలేదు. గొడుగు మీద వాన చప్పుడు వింటూ నడిచేవాళ్ళం.

ఆయనకి ఎంత అర్థమైందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగకపోవడం ప్రేమో, భయమో... ఒక్కోరోజు ఒక్కోలా అనిపిస్తుంది.

ఇప్పుడు మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గదిలో ఎవరితోనో నవ్వుతూ ఉంటుంది. మొన్న గుమ్మంలో నిలబడి అడిగాను.

"ఎవరే?"

"ఫ్రెండమ్మా. గేమ్‌లో."

"ఏ ఊరు?"

"అబ్బా, అమ్మా... ఊరెవరు అడుగుతారు ఇప్పుడు!"

గొడుగు పట్టుకుని వెంట నడుద్దామంటే, అది వెళ్ళే దారి ఏ స్టేషన్‌కో నాకు తెలియదు. అందుకే మంచం మీద దాని పక్కన కూర్చుని, ఆ పచ్చ చుడీదార్ సంగతి మొదటిసారి పైకి చెప్పాను. ఒక ఇయర్‌ఫోన్ తీసింది. రెండోది తీయలేదు. కొంచెం విన్నదనే అనుకుంటున్నాను...

చూడండి, ఇది రాస్తూ కూడా మళ్ళీ ఊరు, వీధి, కొట్టు అన్నీ చెప్పేశాను. ఎక్కడికి పోతుంది అలవాటు...

మీరు మీ ఊరు చెప్పక్కర్లేదు. ఎవరికీ చెప్పుకోలేని అలాంటి రోజు మీకూ ఒకటి ఉంటే, దాన్ని చివరికి ఎవరితో చెప్పుకున్నారో... అది చెప్పండి.