కడ్డీ మీద కాలు

ఒక ఆదివారం ఉదయం నా కుడికాలు ముగ్గురు ఆడవాళ్లను, ఒక షామియానా కర్రను, మా నాన్నగారి పరువును ఒక్క దెబ్బతో నేలకూల్చింది. ఆ కథే చెప్పబోతున్నాను. మొహమాటపడకుండా నవ్వుకోండి. అప్పట్లో మా వీధిలో నవ్వనివాళ్లంటూ ఎవరూ మిగల్లేదు.

డెబ్బయ్యో దశకం చివరి రోజులు. నాన్నగారి ఉద్యోగం కోసం కాకినాడ నుంచి వచ్చి, మొఘల్‌పురాలో ఒక ఇంటి మేడమీద అద్దెకుండేవాళ్లం. నేను ఒక ఆఫీసులో టైపిస్టును. కూర్చుని కూర్చుని కుర్చీ ఆకారానికి వచ్చేశానని నలుగురూ అనడం మొదలుపెట్టాక, సికింద్రాబాద్‌లో మిసెస్ ఫ్లోరా అనే ఆవిడ దగ్గర కసరత్తులో చేరాను.

ఆవిడ లండన్‌లో బ్యాలే నాట్యం నేర్చుకుని వచ్చిందట. గోడకు అడ్డంగా బిగించిన కడ్డీ పట్టుకుని మోకాళ్లు వంచడం, మునివేళ్ల మీద లేవడం, కాలు పైకి చాచడం, ఇదీ ఆ కసరత్తు. ఆఫీసర్ల భార్యలు కార్లలో వచ్చేవారు. కారు దిగి రెండడుగులు నడవడానికి డ్రైవరు చేయి ఆసరా తీసుకునే మహాతల్లులు లోపలికొచ్చి, నడుం సన్నబడాలని కడ్డీకి వేలాడేవారు.

నిజం చెప్పొద్దూ, నా కాలు ఎన్నడూ నడుం ఎత్తుకు లేవలేదు. లేచిందల్లా నా ఆశ. "ఇన్‌స్ట్రక్టర్" అన్న మాట చెవిన పడగానే టైపు మిషను మీద విరక్తి పుట్టింది. మిసెస్ ఫ్లోరాను అడిగితే, "నీ మనుషుల్ని నువ్వే పోగు చేసుకుని నా ఎదుట క్లాసు తీసుకో. బాగుంటే సర్టిఫికెట్ ఇస్తాను, శనివారం క్లాసు నీదే" అంది ఇంగ్లిషులో. నేను ఆ "బాగుంటే"ను మింగేసి మిగతాది ఇంట్లో చెప్పాను. నాన్నగారు పత్తర్‌గట్టిలో బట్టల కొట్టు ఆయనకు కూడా "మా అమ్మాయి ఇన్‌స్ట్రక్టరండీ" అని చెప్పి వచ్చారు. ఇక వెనక్కి తగ్గే దారేది?

కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు సత్తెమ్మ నా మొదటి శిష్యురాలు.

"గిదేంది బిడ్డా, ఆడోళ్లు కాళ్లు లేపుడేంది?" అంది.

"నడుం నొప్పి పోతుంది, పిన్నిగారూ."

"నిజంగ పోతదా? అయితె రెండు కాళ్లూ లేపుత, పా."

రెండోది ఎదురింటి మార్తమ్మ. మూడోది పక్కింటి సుగ్రా. అక్కా అన్నట్టు అందరం ఆమెను ఆపా అనేవాళ్లం. చీరలు దోపుకోవలసిన గొడవ లేదు కాబట్టి, సల్వారులో ఉన్న ఆపాయే మాకందరికీ మేటి. కిరాయి సామాన్ల దుకాణం నుంచి షామియానా కర్ర ఒకటి తెచ్చి, మా మేడ వరండా స్తంభాలకు అడ్డంగా తాళ్లతో కట్టాను. వీధివాళ్లకు కనబడకుండా దుప్పట్లు వేలాడదీశాను. దాంతో వీధివాళ్ల ఆసక్తి పదింతలైంది.

పాఠం మొదలైంది. మిసెస్ ఫ్లోరా మోకాళ్లు వంచడాన్ని ఫ్రెంచిలో "ప్లియే" అంటుంది. నేనూ గొంతు సవరించుకుని "ప్లియే!" అన్నాను.

సత్తెమ్మ కర్ర వదిలేసి గిరుక్కున తిరిగింది. "పిల్లియా? ఏడున్నది? పొయ్యి మీద పాలున్నయ్, బిడ్డా!"

ఆవిడ కిందికి పరుగెత్తి, పాలు చూసుకుని వచ్చేదాకా క్లాసు ఆగిపోయింది. మునివేళ్ల మీద లేవడాన్ని "రెలెవే" అంటారు. అదీ అన్నాను.

"రైల్వేనా? మా ఆయన రైల్వేలనే పనిచేస్తడు గదమ్మా. గిప్పుడు ఆయనతోటి ఏం పని?" అంది మార్తమ్మ.

సుగ్రా ఆపా విసుక్కుంది. "అరె, ఒక్కసారి పిల్లి అంటవ్, ఒక్కసారి రైల్ అంటవ్! సీదా బోలో నా, వంగాల్నా, లేవాల్నా?"

పరీక్షలో ఇలా అడిగితే నా గతేంటి? అందుకే ముందురోజు గట్టిగా చెప్పాను. "చూడండి, రేపు ఎవరూ నోరెత్తి ప్రశ్నలడగొద్దు. నేనేం చేస్తే అదే చేయండి. నేనేమంటే అదే అనండి. అంతే."

"ఫికర్ చెయ్యకు. గంతే జేస్తం" అంది సత్తెమ్మ. మాట తప్పని మనిషి. అదే నా కొంప ముంచింది.

ఆదివారం మిసెస్ ఫ్లోరా వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆవిడకు ఇంగ్లిషు, హిందుస్తానీ వచ్చు. తెలుగు ఒక్క ముక్క రాదు. వంగడాలు, లేవడాలు గడియారంలా సాగిపోయాయి. ఆవిడ తలాడించింది. అక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు. గొప్ప కోసం నేను కుడికాలెత్తి కర్ర మీద పెట్టాను. జీవితంలో మొదటిసారి కాలు అంత ఎత్తుకు చేరింది. చేరి, అక్కడే కాపురం పెట్టింది. పిక్క రాయిలా బిగుసుకుపోయింది.

"అమ్మో! పట్టేసింది!" అని అరిచాను.

"అమ్మో! పట్టేసింది!" అన్నారు ముగ్గురూ, కాళ్లు కర్ర మీద పెట్టి.

నొప్పికి చెయ్యి గాల్లో తిప్పాను. మూడు చేతులు గాల్లో తిరిగాయి.

"నన్ను పట్టుకోండి!"

"నన్ను పట్టుకోండి!" అని ముగ్గురూ దీనంగా అరిచారు. పట్టుకున్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

"అయ్యో, ఇది పాఠం కాదే తల్లీ!"

"అయ్యో, ఇది పాఠం కాదే తల్లీ!"

ఇంతమంది కాళ్ల బరువుకు తాళ్లు తెగాయి. కర్ర పడింది. దాని మీద నేను, నా మీద సత్తెమ్మ, సత్తెమ్మ మీద మార్తమ్మ. సుగ్రా ఆపా ఒక్కతే ఎలాగో నిలదొక్కుకుంది. కింద పడున్న మమ్మల్ని చూసింది, పరీక్ష పెట్టే ఆవిణ్ణి చూసింది. దుపట్టా సర్దుకుని, మెల్లగా, మర్యాదగా, మా పక్కన పడుకుంది.

గుమ్మం అవతల నాన్నగారి దగ్గు వినిపించింది. భూమి చీలితే బాగుండునని నేను అనుకుంటుండగా, మిసెస్ ఫ్లోరా లేచి చప్పట్లు కొట్టింది.

"వండర్‌ఫుల్! ఈ ఆఖరి ఐటమ్ నేను లండన్‌లో కూడా చూడలేదు. క్యా నామ్ హై ఇస్కా?" అని పేరడిగింది.

సత్తెమ్మ కింద నలుగుతూనే అన్నాను: "పట్టేసింది, మేడమ్..."

"పట్టేసిందీ! ఫ్రెంచా?"

"కాదు మేడమ్, అది నిజంగానే నా కాలు..."

"వినయం వద్దు" అని ఆవిడ నా నోరు మూయించి, సర్టిఫికెట్ మీద అక్కడికక్కడే సంతకం చేసింది. ఒక్కటే షరతు: శనివారం క్లాసులో ఈ ఐటమ్ తప్పకుండా నేర్పాలి.

నేర్పాను. ఆఫీసర్ల భార్యలు వరసగా నిలబడి, "అమ్మో! పట్టేసింది!" అని అరిచి, చేతులు తిప్పి, తివాచీ మీద కూలబడేవారు. రెండో వారానికే ఒకావిడ నా చేయి పట్టుకుని, "ఎంత హాయిగా ఉందో! ఈ విద్య ఏ దేశానిది, ఇన్‌స్ట్రక్టర్‌గారూ?" అంది కళ్లు చెమర్చి.

కాకినాడదని చెప్పే ధైర్యం లేక నవ్వి ఊరుకున్నాను.

అందుకే నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నా కాలు బస్సు మెట్టుకు మించి లేవదు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఎవరైనా కొత్త కసరత్తు చూపిస్తే, అది కసరత్తో, పాపం కాలు పట్టేసిందో అడిగి తెలుసుకున్నాకే చప్పట్లు కొడతాను.