మూడో పాటకు తెగే తీగ

మా వెర్లిన్ టకెట్ గిటారు తీగ సరిగ్గా మూడో పాటలో తెగేది. రెండో పాటలో తెగేది కాదు, నాలుగో పాట దాకా ఆగేది కాదు. పాతికేళ్లుగా అతని పక్కన బాస్ గిటారు వాయిస్తున్నవాణ్ణి, ఒట్టేసి చెబుతున్నాను.

కెంటకీ కొండల్లో అతను కంట్రీ బాణీ పల్లెపాటలు పాడని బొగ్గుగని ఊరు లేదు. సొంతంగా రెండొందల పాటలు కట్టాడు. వాటికన్నా తన మామగారి కంచరగాడిద కథకే పేరెక్కువ. తీగ తెగగానే స్టూలు మీద కూర్చుని, కొత్తది బిగిస్తూ, పావుగంట అదే కథ చెప్పేవాడు. జనం అతనికన్నా ముందే అప్పజెప్పేవాళ్లు. ఓ పాస్టరుగారు క్రిస్మస్‌కి తీగల పొట్లమిచ్చి, "ప్రార్థన చేసి చూశాం నాయనా, ఇక నువ్వే చూసుకో" అన్నాడు.

ఆ పావుగంటా మేం తెర వెనక కాఫీ తాగేవాళ్లం. ఫిడేలు వాయించే ముసలి హోబర్ట్ మాత్రం చలేస్తోందంటూ వేణ్ణీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకునేవాడు. ఆయనకు ఆగస్టు ఎండల్లో కూడా చలే.

ఓ ఏడాది మా కౌంటీ సంతలో మా పాటలు వినడానికి నాష్‌విల్ నుంచి రికార్డుల కంపెనీ ఆయన వచ్చాడు. వెర్లిన్ పాట నచ్చితే రికార్డు వేస్తాడు. వెర్లిన్‌కి నలభై దాటాయి, ఇలాంటి అవకాశం మళ్లీ రాదు. ఈ ఒక్కరోజూ తెగకుండా చూడమని బతిమాలాను. సరేనన్నాడు. నమ్మకం చాలక ఆరు తీగలూ నేనే కొత్తవి బిగించాను.

మూడో పాటలో ఠంగ్‌మంది.

కథలో కంచరగాడిద వాగు దాటేలోపే కంపెనీ ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి చూద్దును కదా, తీగ కొస నున్నగా కోసినట్టుంది. వెర్లిన్ గుప్పిట్లో బుల్లి కటింగ్ ప్లేయరు.

"నీ బతుకు నువ్వే కోసుకున్నావు కదరా" అని పళ్లు నూరాను.

"ముందెళ్లి హోబర్ట్ చేతులు చూసిరా. ఏం అడక్కు" అన్నాడు మెల్లగా.

తెర వెనక హోబర్ట్ కొయ్యబారిన వేళ్లను వేణ్ణీళ్లలో ఒక్కొక్కటే సాగదీస్తున్నాడు.

"కీళ్లవాతంరా. మూడు పాటలకే ఇలా అయిపోతాయి" అన్నాడు. "ఆ చేతగానివాడి తీగలు తెగబట్టి నెట్టుకొస్తున్నాను. వాడికి మాత్రం చెప్పకు, ఇంటికి పంపేస్తాడు."

చెప్పనన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

హోబర్ట్ ఇంకో తొమ్మిదేళ్లు వాయించి, ఆయనంతట ఆయనే మానుకున్నాడు. ఆ రోజు నుంచీ తీగలు తెగడం మానేశాయి. తన ప్రార్థన ఇన్నాళ్లకు ఫలించిందని పాస్టరుగారు పొంగిపోయాడు.

ఈమధ్య కాసేపు నిలబడి వాయిస్తే నాకు నడుం పట్టేస్తోంది. ఎవరితోనూ అనలేదు. మొన్న శనివారం రెండో పాటకే వెర్లిన్ గిటారు తీగ తెగింది. స్టూలు నా వైపు జరిపి, తను మాత్రం నిలబడి కంచరగాడిద కథ ఎత్తుకున్నాడు.