లేడని రాయని అర్జీ

పాడేరులో మేం కాపురమున్న ఆరేళ్లూ మా ఆయన కచేరీలో మాట్లాడిందానికంటే మా ఇంటి అరుగు మీద మాట్లాడిందే ఎక్కువ. ఆయన ప్లీడరు. అనకాపల్లిలో అప్పటికే పేరున్న వకీళ్లు చాలామంది ఉండేవారు, మా ఆయన గది ముందు బెంచీ ఎప్పుడు చూసినా ఖాళీ. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగైదేళ్లకు, ఏజెన్సీలో అడిగేవాళ్లున్నారు గాని చెప్పేవాళ్లు లేరని ఎవరో అంటే, ఆ మాట పట్టుకుని నన్ను కొండెక్కించారు. మా అమ్మ ఏడ్చింది. మన్యం వెళ్లినవాళ్లు జ్వరం లేకుండా దిగిరారని అప్పట్లో అందరికీ తెలుసు. నాకు ఇరవై ఏళ్లు.

ఇల్లు ఒక షావుకారుది. పెంకుటిల్లు, ముందు ఎత్తైన అరుగు. హుకుంపేట వెళ్లే దారి మా వాకిలి ముందు నుంచే పోయేది. వానాకాలంలో రోజుల తరబడి కొండలు కనిపించవు. మబ్బు వచ్చి వంటింట్లో కూర్చునేది. ఆయన నల్లకోటుకు బూజు పట్టి పచ్చబడితే కుంపటి దగ్గర ఆరబెట్టేదాన్ని. లా పుస్తకాలను చెదలకు భయపడి రేకు డబ్బాల్లో పెట్టుకునేవారు. ఎవరైనా చిక్కు ప్రశ్న అడిగితే డబ్బా మూత లాగిన చప్పుడు నాకు లోపలికి వినిపించేది.

ఏజెన్సీ కచేరీల్లో ప్లీడర్లు నోరు విప్పాలంటే అధికారి అనుమతి కావాలి. అందుకని ఆయనకు దొరికిన పని అర్జీలు రాయడం, అడిగినవాటికి జవాబు చెప్పడం. సంత రోజున కావిళ్లు దింపుకుని జనం అరుగు నిండా కూర్చునేవారు. వచ్చీ రాగానే అడగరు. చుట్ట సగం కాలాక గాని నోట మాట రాదు.

"పోడుకని అడివి కొట్టినామని గార్డు కత్తట్టుకుపోనాడు బావూ. నాను తప్పు సేసినాను సరే, కత్తేటి తప్పు సేసింది?" అని ఒకడు.

"కాయితం మీద ఏలిముద్దర ఏసీసినాను. ఏటి రాసుందో తెల్దు. ఇప్పుడు ఆ ముద్దర ఎనక్కి తీసుకోడం అవుద్దా?" అని ఇంకొకడు.

ఒక ముసలాయన రెండు వారాలు వచ్చి ఊరికే కూర్చుని వెళ్లి, మూడో వారం అడిగాడు. "మా గుంటడు కిరస్తానంలో కలిసినాడు. నా తరవాత నా బూవి ఆడిది అవుద్దా, అవదా?"

"అవుతుందయ్యా. దేవుణ్ణి మార్చుకుంటే తండ్రి మారడు కదా" అన్నారు మా ఆయన. ముసలాయన లేచి వెళ్లాడు. వచ్చినప్పటికంటే తేలిగ్గా నడుస్తున్నాడని నాకు కిటికీలోంచి కనిపించింది.

కింద నుంచి వచ్చిన వర్తకులు అందరూ వెళ్లాక వచ్చేవారు. కొండ మీద నేల మన పేరున కొనకూడదంటున్నారు, నౌకరు పేరున రాయించుకుంటే ఎలాగండీ అని గొంతు తగ్గించి అడిగేవారు. "మీరు ఇలా అడుగుతారనే ఆ చట్టం రాశారండీ" అని ఆయన నవ్వేవారు. వాళ్లు నవ్వేవారు కాదు.

ఆడవాళ్లు అరుగు ఎక్కేవారు కాదు. ఇల్లు చుట్టి పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి నాతో చెప్పుకునేవారు. భోజనాల దగ్గర నేను ఆయన్ని అడిగి, మళ్లీ సంతకు జవాబు చెప్పేదాన్ని. పుట్టింటి ఊరి సముద్రం మీద బెంగతో, అమ్మ మీద బెంగతో మొదటి ఏడాదంతా గోడకు చేరగిలబడి గడిపినదాన్ని, ఈ పెరటి ప్రశ్నలతోనే మనిషినయ్యాను.

ఆమె అలాగే వచ్చింది. హుకుంపేట అవతల కొండ ఊరు. నాకంటే అయిదారేళ్లు పెద్దదై ఉంటుంది. అడ్డాకుల కట్ట దింపి గుమ్మం పక్కన కూర్చుంది. పిల్లలు లేరట. మొగుడు, కూలీలను పోగుచేసే సర్దారు వెంట అస్సాం తేయాకు తోటలకు వెళ్లాడు.

"ఎన్నేళ్లయింది?" అన్నాను.

"తెల్లోళ్లు ఎల్లిపోకముందు ఎల్లినాడమ్మా. అప్పుటికీ ఇప్పుటికీ ఎనిమిది పాలి వలిసెలు పూసినాయి." వలిసె చేలు ఏడాదికి ఒక్కసారే పూస్తాయి.

మొదటి ఏడు ఒక కార్డు వచ్చింది. ఎవరి చేతో ఒరియాలో రాయించాడు. హుకుంపేట సంతలో ఒక దుకాణదారు చదివి పెట్టాడు. బాగున్నాను, పంటకు వస్తాను అని. ఆ తరవాత ఏమీ లేదు.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, వాళ్లు గెడ్డ అనే కొండవాగు పక్కనున్న మడి. ఆ నీళ్ల చెక్క ఆమె మొగుడిది. అతను వెళ్లినప్పటినుంచీ ఆమే చేసుకుంటోంది. వాళ్లలో ఆడది నాగలి పట్టకూడదు, అందుకని దున్నకాలకు పుట్టింటినుంచి ఆమె అన్న వచ్చేవాడు. ఆ ఏడు మరిది అడ్డం తిరిగాడు. మా అన్న అక్కడే పోయాడు, మడి నాది, కాదంటే నా ఇంటికి మారుమనువు రా అన్నాడు. ఊరి పెద్దలు కూడా అదే సబబన్నారు.

"ఏడేళ్లు కబురు లేపోతే మనిసి సచ్చిపోయినట్టేనట. కచేరీలో రాతుందంట. నిజవేనా అమ్మా?"

నేను ఆయన్ని అడిగాను. ఆయన డబ్బా తీయనవసరం కూడా లేకపోయింది. "నిజమే. ఏడేళ్లు ఎవరికీ ఆచూకీ లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చు. అది ఆమెకే మంచిది. చనిపోయాడని అర్జీ పెడితే విధవరాలిగా మడి ఆమె దగ్గరే ఉంచమని అడగొచ్చు. నేను రాసి పెడతాను" అన్నారు. రాశారు కూడా, చక్కని దస్తూరీతో.

పై సంతకు ఆమెను మొట్టమొదటిసారి అరుగు ఎక్కించాను. ఆయన అర్జీ చదివి వినిపించారు. 'నా భర్త మరణించినందున' అన్నచోట ఆమె చెయ్యి ఎత్తింది.

"అది తీసీండి బావూ."

"అది తీసేస్తే అర్జీలో ఏమీ మిగలదమ్మా. మడి నీకు దక్కేది ఆ మాట వల్లే."

"ఆడు సచ్చిపోనాడని నాను ఏలిముద్దర ఎయ్యను."

ఆయనకు ఓపిక తక్కువ కాదు గాని ఆ రోజు ఒంట్లో జ్వరం ఉంది. "చట్టం చచ్చాడని అనడం లేదు. చచ్చాడని అనుకోమంటోంది, అంతే" అన్నారు.

ఆమె ఆయన్ని కాదు, నన్ను చూసి చెప్పింది. "ఊరంతా అలాగే అనుకుంతన్నారమ్మా. బతికున్నాడని అనుకుంతంది నానొక్కర్తినే. నానూ మానేత్తే ఆడింక ఎక్కడుంతాడు?"

ఆయన కలం కింద పెట్టారు. ఆమె లేచి కట్ట నెత్తిన పెట్టుకుని సంతకు వెళ్లిపోయింది.

ఆ పూట మా ఇద్దరికీ భోజనం సహించలేదు. మడి పోతుందని ఆయన బాధ. నాకు ఆమె మాట వదలడం లేదు. చివరికి అడిగాను. "బతికే ఉన్నాడు, దూరాన ఉన్నాడు, అతని తరఫున పెళ్లాం సాగు చేస్తోంది అని రాయకూడదా?"

"రాయవచ్చు. నిలబడదు. బతికున్నాడని రుజువేదీ అంటారు."

"చచ్చాడని మాత్రం రుజువుందా?"

ఆయన నావంక కొత్త మనిషిని చూసినట్టు చూశారు. పెళ్లయిన నాలుగేళ్లలో అలా చూడటం అదే మొదలు. తరవాత చెయ్యి కడుక్కుని వెళ్లి, పాత అర్జీ వెనక్కి తిప్పి దానిమీదే చిత్తు రాయడం మొదలుపెట్టారు.

పై సంతకు అది చదివి వినిపిస్తే ఆమె వేలిముద్ర వేసింది. విచారణ నాటికి ఆయన మంచం మీద ఉన్నారు. ఒక రోజు విడిచి ఒక రోజు వచ్చే చలిజ్వరం, విచారణ సరిగ్గా అది వచ్చే రోజున పడింది. రెండు కంబళ్లు కప్పినా మంచం వణుకుతోంది. "నువ్వు వెళ్లు. ఏమీ మాట్లాడకు, పక్కన నిలబడు చాలు. ఆమె మాట ఆమెనే చెప్పుకోనీ" అన్నారు. పక్కింటావిడను ఆయన దగ్గర కూర్చోబెట్టి నేను కచేరీకి వెళ్లాను.

ఆ రోజు కూర్చున్న అధికారి పెద్దవయసు మనిషి. అర్జీ రెండుసార్లు చదువుకున్నారు. కార్డు చూశారు. మరిది ఒక పక్కన, ఊరి పెద్దలు ఇద్దరు వెనకాల. మరిది అంటే ఎవరో గట్టివాడని ఊహించుకున్నాను. బక్కపల్చని మనిషి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"నీ భర్త బతికున్నాడని ఎలా చెప్పగలవు?" అని ఆమెను అడిగారు.

"సచ్చిపోనాడని ఎవులు సూసినారు బావూ? కబురొచ్చిందేటి? ఎవులైనా వొచ్చి సెప్పినారేటి?"

అధికారి మరిది వైపు తిరిగారు. "నీ అన్న చనిపోయాడంటున్నావు. మీ ఊరి దేవత పేరు మీద ఆ మాట ప్రమాణం చేసి చెప్పు. రాసుకుంటాను."

అతను నోరు తెరిచాడు. వెనక పెద్దలు "సెప్పరా" అన్నారు. అతను నేల చూశాడు. తరవాత అన్నాడు.

"మా అన్న బావూ. నాను సెప్పలేను."

అధికారి ఇంకేమీ అడగలేదు. భర్త తిరిగి వచ్చేదాకా గాని, అతని సంగతి నిజంగా తెలిసేదాకా గాని మడి ఆమె చేతిలోనే ఉండాలని రాయించారు. బయటికి వచ్చాక వదినా మరుదులు ఒకరినొకరు చూసుకోలేదు గాని ఒకే దారిన ఒకరి వెనక ఒకరు నడిచి వెళ్లారు. నేను ఇంటికి పరుగెత్తి చెప్పేసరికి ఆయనకు చెమట పట్టి జ్వరం దిగుతోంది. "ప్రమాణం అడిగారా? నాకు తట్టలేదే" అన్నారు, నవ్వుతూ.

ఆయన అంతటితో వదల్లేదు. కార్డు మీది ముద్ర చూసి ఆ తోట పేరు పట్టుకుని ఇంగ్లీషులో ఉత్తరం రాశారు. అక్కడినుంచి సంత సంతకీ ఆమె పెరటి గుమ్మానికి వచ్చేది. "టపా వొచ్చిందా అమ్మా?" రాలేదని చెబితే కాసేపు కూర్చుని, మరిది తన ఎడ్లతో వచ్చి మడి దున్ని పెట్టాడనో, గెడ్డ పొంగిందనో చెప్పి వెళ్లేది. టపా మనిషి కనిపిస్తే వాకిట్లోకి ఎదురు వెళ్లేదాన్ని. మా అమ్మ ఉత్తరం చేతిలో పెడితే, ఇదా అనిపించేది ఒక్కోసారి. అలా అనిపించినందుకు సిగ్గుపడేదాన్ని.

దాదాపు ఏడాదికి జవాబు వచ్చింది. ఆ పేరుగల మనిషి అక్కడ పని చేశాడు, రెండేళ్లకు తోట విడిచి వెళ్లాడు, ఎక్కడికో తెలియదు. మా ఆయన దాన్ని నాకిచ్చి, నువ్వే చెప్పు అన్నారు.

చెప్పాను. ఆమె కాగితాన్ని తిప్పి రెండో వైపు కూడా చూసింది.

"లేడని రాసినారా?"

"అక్కడ లేడని రాశారు."

"అక్కడ లేడు. అంతేనా?"

"అంతే."

"సరేలే" అంది. చాలా తేలిగ్గా అన్నట్టే అంది. నీళ్లు అడిగి తాగింది. లేచేటప్పుడు మాత్రం గుమ్మం పట్టుకుని లేచింది.

వలిసెలు పూసే రోజుల్లో ఒకసారి మమ్మల్ని వాళ్ల ఊరు రమ్మంది. జీపులో కొంత, నడిచి కొంత వెళ్లాం. కొండవాలు మొత్తం పసుపు. ఆమె చోడి అంబలి, అదే రాగి అంబలి, పోసింది, వెదురు గొట్టంలో ఉడికించిన కూర పెట్టింది. తరవాత మడి చూపించింది. చిన్నదే, నాలుగు చాపలు పరిచినంత మెట్లు మెట్లుగా గెడ్డలోకి దిగుతోంది. గట్టు మీద నిలబడి మా ఆయన్ని అడిగింది. "అస్సాం ఎటేపుంటాది బావూ?"

ఆయన పొద్దును చూసి లెక్కవేసుకుని ఈశాన్యంగా ఉన్న కొండ వైపు చెయ్యి చూపారు. ఆమె ఆ కొండను రోజూ చూస్తున్నదే. అయినా కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"దగ్గరే అన్నట్టు" అంది. మేమిద్దరం కాదనలేదు.

ఆ ఏడాది చివరికి, మాటిమాటికీ వచ్చే ఆ జ్వరాలకు ఆయనకు ప్లీహం వాచి కడుపులో బల్ల పెరిగింది. డాక్టరు ఇంకో వానాకాలం ఇక్కడ ఉండొద్దన్నాడు. బస్సులో సామాను వేసుకుని దిగిపోయాం. అది సంత రోజు కాదు కాబట్టి ఆమెకు చెప్పడం కుదరలేదు. హుకుంపేట వెళ్లే ఒకతనితో కబురు పెట్టాను. అందిందో లేదో తెలియదు.

కొన్నేళ్ల తరవాత, మా పాత ఇంటి షావుకారు అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు వచ్చి మా ఇంట భోజనం చేశాడు. మొదట అడిగింది ఆమె సంగతే. ఇంకా ఆ మడే చేసుకుంటోందన్నాడు. మరిది కూతుర్ని తెచ్చి పెంచుకుంటోందట. ఆమె మొగుడు మాత్రం రాలేదు. మేం వెళ్లిపోయాక కూడా చాలాకాలం దాకా సంత రోజున మా పెరటివైపు వచ్చి, కొత్తగా అద్దెకున్నవాళ్లను టపా వచ్చిందా అని అడిగేదట.

మా ఆయన పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. కింద పుట్టి కింద పెరిగినదాన్ని, ఇప్పుడుంటున్న మా పుట్టింటి ఊళ్లో సముద్రం ఇంటికి దగ్గరే, చెవికి వినిపిస్తుంది. అయినా నాకు బెంగ పుట్టేది ఆ మబ్బు మీద. అరుగు మీద చుట్టపొగ, డబ్బా మూత చప్పుడు, లోపల నేను అన్నం వారుస్తూ ఆ ప్రశ్నలు వినడం. సంత పొద్దున ఎవరో పెరటి గుమ్మం దగ్గర కట్ట దింపి, అడగడానికి ఇంకా నోరు రాక, ఊరికే కూర్చుని ఉంటారు. ఆ కాసేపు నాకు కావాలి.